ఇది బస్టాండు కాదు

"మింగు" అన్నాడు హిసామత్సు.

మినోదా మింగలేదు. గంజన్నం ముద్దను ఎడమ బుగ్గలోకి తోసుకుని, పిప్పరమెంటు బిళ్ళ దాచుకున్న పిల్లాడిలా గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. పెదవి చివరి నుంచి తెల్లటి చార ఒకటి గడ్డం మీదుగా మెడ దాకా జారింది. హిసామత్సు దాన్ని గుడ్డతో తుడిచాడు. చాప మీద మోకాళ్ళు మడిచి కూర్చోవడం ఈ మధ్య అతనికి పడటం లేదు. లేచేటప్పుడు గోడ పట్టుకోవాలి. వార్డరు అయ్యుండి ఖైదీ ముందు గోడ పట్టుకుని లేవడం అతనికి నామోషీ.

"మాస్టారూ, బస్సొచ్చిందా?"

"మింగి మాట్లాడు."

"ఆఖరి బస్సు పోయిందంటే మా చెల్లెలు ఊరుకోదు. కాసేపు చూసి తలుపేసుకుంటది."

హిసామత్సు చెంచా గిన్నెలో పడేశాడు. వద్దు వద్దు అనుకుంటూనే రోజూ చదివే దండకం మళ్ళీ మొదలుపెట్టాడు.

"తాతా, ఇది బస్టాండు కాదు. జైలు. నువ్వు ఇద్దర్ని చంపావు. కుజె గారిని, వాళ్ళావిడని. నీకు ఉరిశిక్ష వేశారు. ఉరి తీస్తారు. మింగు."

మినోదా కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాడు. గుటుక్కున మింగాడు.

"అయ్యో పాపం, మొగుడూ పెళ్ళాలనిద్దర్నీనా! ఎవడండీ ఆ చంపినోడు?"

"నువ్వే."

"నేనా? ఊరుకోండి మాస్టారూ!"

అదిగో, ఆ 'ఊరుకోండి' దగ్గరే హిసామత్సుకు ఒళ్ళు మండుతుంది. మలమూత్రాలు ఎత్తడం అలవాటైపోయింది. రాత్రి తడిపిన పక్క ఎండేయడం అలవాటైపోయింది. కాని కుజె పెంకుల కొట్లో బళ్ళకు సరుకెత్తే ఈ మనిషి, ఒక మంచు రోజున యజమానితో మాటా మాటా పెరిగి గొడ్డలి ఎత్తాడు. అడ్డొచ్చిన ఆ ఇల్లాలినీ వదల్లేదు. మేడ మీద నిద్రపోతున్న వాళ్ళ కూతురొక్కతే మిగిలింది. ఆ పిల్లకిప్పుడు నడివయసు దాటి ఉంటుంది. ఎక్కడో ఒకచోట ఆవిడ ఇప్పటికీ మరిచిపోకుండా ఉండే ఉంటుంది. చేసినవాడు మాత్రం హాయిగా మరిచిపోయి, బస్సు కోసం ఎదురుచూస్తున్నాడు. అందుకే హిసామత్సు రోజూ గుర్తుచేస్తాడు. ఆ దండకం దయతో మొదలైంది కాదు, కోపంతో మొదలైంది.

ఈ ఉద్యోగంలోకి అతను కోరి రాలేదు. ఓడల కార్ఖానా మూతపడిన ఏడాది, క్వార్టర్స్ ఇస్తారని వచ్చాడు. ఉరిశిక్ష పడినవాళ్ళ గదుల వరసలో కాపలాకి పడేశారు. ఇక్కడ ఎవరినీ ఎప్పుడు తీసుకెళ్ళేదీ ముందుగా చెప్పరు. టోక్యోలో మంత్రి సంతకం పెడతాడు, తర్వాత ఏదో ఒక ఉదయం అధికారుల బూట్లు ఒక తలుపు ముందు ఆగుతాయి. అందుకని పొద్దున్నే ఈ వరండాలో ఎవరూ దగ్గరు కూడా. బూట్ల చప్పుడుకు బెదరనివాడు మినోదా ఒక్కడే. అది బస్సు కండక్టరేమోనని లేచి నిలబడబోతాడు.

వయసులో ఉన్నప్పుడు ఒక్కసారి హిసామత్సు కూడా ఉరి తీసే గదిలోకి వెళ్ళాడు. గోడకు మూడు మీటలు, ముగ్గురు మనుషులు. ఖైదీ కాళ్ళ కింది పలకను తెరిచే తీగ ఒక్కదానికే. ఏది ఎవరిదో ఎవరికీ తెలియదు. ఆ రోజు మధ్యాహ్నానికే ఇంటికి పంపేశారు. జలుబు చేసిందనుకుని భార్య ఫుసాయె గంజన్నం కాచి పెట్టింది. తిన్నాడు. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ ఇంట్లో గంజన్నం ముట్టలేదు. ఎందుకో ఆవిడ అడగలేదు, ఇతను చెప్పలేదు. ఇప్పుడు పూటపూటా ఒకడికి అదే గంజన్నం ఊది మరీ పెడుతున్నాడు.

తలుపు కన్నంలోంచి డిప్యూటీ జైలరు అకుత్సు ముఖం కనిపించింది. హిసామత్సు కంటే చాలా చిన్నవాడు, చొక్కాకు ముడత పడనివ్వడు.

"వీడికి గడ్డం గీసెయ్. డాక్టరమ్మ వస్తోంది."

"ఒంట్లో బాగానే ఉంది కదా సార్?"

"ఒంటికి కాదు, బుర్రకి. మతి ఉందో లేదో చూసి చెప్పమని పైనుంచి అడిగారు. మతి లేనివాణ్ణి ఉరి తియ్యకూడదు కదా!"

అంటే ఫైలు కదిలిందన్నమాట. హిసామత్సు గోడ పట్టుకుని లేచాడు. వేణ్ణీళ్ళు తెచ్చి గడ్డం తడిపాడు. ముడతల్లో వెంట్రుక చిక్కుకుంటుందని చర్మాన్ని బొటనవేలితో సాగదీసి పట్టుకున్నాడు. ముసలాయన కళ్ళు మూసుకుని సుఖంగా మూలిగాడు.

"పెళ్ళికా మాస్టారూ?"

"కదలకు. తెగుద్ది."

"పిల్లెవరు?"

"కదలకన్నానా!"

డాక్టర్ తొకునాగ వైద్యశాల గదిలో కూర్చుని ఉంది. తలకు తగిలిన మంచు కరిగి జుట్టు తడిగా ఉంది. చక్రాల కుర్చీలో మినోదాను ఆవిడ ఎదురుగా పెట్టి హిసామత్సు వెనక్కి జరిగాడు. అకుత్సు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"నమస్కారమండీ మినోదా గారూ. మనం ఇప్పుడు ఎక్కడున్నామో చెప్తారా?"

ముసలాయన వెనక్కి తిరిగి హిసామత్సును చూశాడు. అతను చూపు తిప్పుకుని కిటికీ వైపు చూశాడు.

"ఇది బస్టాండు కాదండీ" అన్నాడు మినోదా. "జైలు."

"ఇక్కడికి ఎందుకొచ్చారు?"

"ఇద్దర్ని చంపాను. కుజె గారిని, వాళ్ళావిడని."

"మీకేం శిక్ష వేశారు?"

"ఉరిశిక్ష వేశారు. ఉరి తీస్తారు. మింగు."

 హిసామత్సుకు చెవులు వేడెక్కాయి.

"మింగు అంటే?" అంది డాక్టరు.

"గొంతులో ఏదో ఇబ్బందండీ" అన్నాడు అకుత్సు. "ముసలితనం."

డాక్టరు తలూపి మినోదా వైపు తిరిగి నవ్వింది. "బాగా గుర్తుపెట్టుకున్నారే!"

మినోదా ముఖం వెలిగిపోయింది. బడిలో మెప్పు పొందిన పిల్లాడిలా మళ్ళీ వెనక్కి తిరిగి చూశాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో పై అధికారి ఎదుట 'చిత్తం' తప్ప ఇంకో మాట అనని హిసామత్సు ఆ మెప్పు భరించలేకపోయాడు. అది జాలీ కాదు, ధైర్యమూ కాదు. విసుగు, అంతే.

"ఏం గుర్తండీ, నా తలకాయ! అన్నం తిన్నాడో లేదో గుర్తుండదు. తడిపింది గుర్తుండదు. నా పేరు గుర్తుండదు. అవన్నీ నా మాటలండీ! పొద్దున్నే అన్నం మింగడానికి చస్తుంటే నేను తిట్టే తిట్లు. అవే ఒప్పజెప్పాడు, 'మింగు'తో సహా. కావాలంటే చంపిందెవరో అడగండి!"

డాక్టరు కలం ఆపి, "మినోదా గారూ, ఆ ఇద్దర్నీ ఎవరు చంపారు?" అంది.

మినోదా కళ్ళు పెద్దవయ్యాయి. "అదేనండీ, నేనూ రోజూ అడుగుతుంటాను. ఎవరో పాపిష్టివాడు!"

ఆవిడ చాలాసేపు రాసుకుంది. వెళ్ళబోతూ, "నెల తర్వాత మళ్ళీ వచ్చి చూస్తాను. ఈలోగా ఎవరూ ఆయనకేమీ నేర్పకండి" అంది.

ఆవిడ కారు గేటు దాటగానే అకుత్సు తిరిగాడు.

"ఇన్నేళ్ళూ నోట్లో నాలుక లేనట్టు బతికావు కదా హిసామత్సూ! అది ఇవాళే మొలవాలా?"

"చిత్తం సార్."

"చిత్తమేంటి చిత్తం! ఆ ముసలాణ్ణి జీవితాంతం నువ్వే కడుగు, పో."

"నేనే కడుగుతున్నాను సార్" అన్నాడు హిసామత్సు.

మధ్యాహ్నం గంజన్నంతో పాటు మెత్తగా ఉడికించిన ముల్లంగి వచ్చింది. హిసామత్సు పెదవులు బిగించుకుని చెంచా అందించాడు. ఈ పూట నుంచి దండకం లేదు. తిట్టు లేదు. బస్సు అంటే బస్సే.

మినోదా ముద్ద బుగ్గలో పెట్టుకున్నాడు. హిసామత్సు ఊరుకున్నాడు. ముసలాయన ఇబ్బందిగా కదిలాడు. ఏదో రావలసింది రాలేదన్నట్టు అతని నోటికేసి చూశాడు. చివరికి తనే అందుకున్నాడు.

"ఇది బస్టాండు కాదు. జైలు. కదా మాస్టారూ?"

హిసామత్సు చేతిలో చెంచా ఆగిపోయింది.

"ఎవరన్నారు? బస్టాండే. బస్సు వచ్చేస్తుంది. తిను."

"కాదు, జైలు. నేను ఇద్దర్ని చంపాను."

"తప్పు. నువ్వెవర్నీ చంపలేదు."

ఆ మాట అన్నాక మేడ మీద నిద్రపోయిన పిల్ల గుర్తుకొచ్చి హిసామత్సు నోరు చేదెక్కింది. మినోదా మాత్రం పట్టు విడవలేదు.

"మీరే చెప్పారు కదా! కుజె గారిని, వాళ్ళావిడని. డాక్టరమ్మ కూడా బాగా చెప్పానంది. ఉరి తీస్తారు."

"ఒరే తాతా, నీకు దండం పెడతాను. ఇన్నాళ్ళు చెప్తే బుర్రకెక్కనిది ఇవాళే ఎక్కాలా! మరిచిపో. నీకు చేతనైంది అదొక్కటే కదా, చెయ్యి!"

"మింగు" అన్నాడు మినోదా తనకు తానే, మింగాడు.

సాయంత్రం ఇంట్లో ఫుసాయె చేపల పులుసు వడ్డిస్తూ, "ఎవరితోనో పోట్లాడినట్టున్నారు?" అంది.

"ఒక ముసలాడితో. మొండిఘటం."

"మీకంటేనా?" అందావిడ. అతనికి నవ్వు రాలేదు.

ఆ తర్వాత రోజూ అదే గొడవ. హిసామత్సు బస్టాండంటాడు, మినోదా జైలంటాడు. ఒక పూట హిసామత్సు బస్సు హారన్ కూడా ఊదాడు. ముసలాయన జాలిగా చూసి, "మాస్టారూ, మీకు ఒంట్లో బాగుండట్లేదేమో" అన్నాడు. పక్క గదిలోంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఆ వరండాలో నవ్వు వినపడి ఎంత కాలమైందో.

డాక్టరు మళ్ళీ రావలసిన రోజు ఇంకా రాలేదు. మోకాళ్ళు చూపించుకోవడానికి హిసామత్సు ఒకరోజు సెలవు పెట్టాడు. మర్నాడు డ్యూటీకి వచ్చి టోపీ తగిలిస్తుంటే అకుత్సు వచ్చి పక్కన నిలబడ్డాడు. తల దించుకుని ఉన్నాడు.

"నిన్న పొద్దున అయిపోయింది."

హిసామత్సుకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది.

"డాక్టరమ్మ ఇంకోసారి చూడాలి కదా సార్?"

"అడిగినవాటికి సరిగ్గానే జవాబులు చెప్పాడనీ, ఇంకోసారి చూడాలనీ రాసింది. పైవాళ్ళకి మొదటి సగం చాలినట్టుంది." అకుత్సు గొంతు సవరించుకున్నాడు. "గొడవ చెయ్యలేదు. మమ్మల్ని చూసి తనే లేచాడు. బౌద్ధ గురువుగారు మంత్రం చదువుతుంటే, ఏదో అన్నాడు. రెండుసార్లు అన్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు ఎవరికీ. నువ్వుంటే తెలిసేదేమో."

"ఏమన్నాడు?"

"అర్థం కాలేదంటున్నాగా!"

హిసామత్సు వరండా వెంట నడిచాడు. ఆ గది తలుపు తీసే ఉంది. చాప ఎత్తి గోడకు ఆనించారు. నేల కడిగారు, ఇంకా తడి ఆరలేదు. కుళాయి పక్క అరమీద ఒక ప్లాస్టిక్ గ్లాసు ఉంది. దాన్ని చూడగానే అతనికి నెత్తురు తలకెక్కింది. రోజూ పొద్దున్నే మొదటి పని అది. నోరు తెరిపించి, కడిగి, చిగుళ్ళకు బిగించి నొక్కాలి. అవి లేకపోతే ఆ ముసలాడి నోట్లో మాట మాటగా ఉండదు, ఉత్త గాలి. ఇంతమంది ఉన్నారు, ఇన్ని నక్షత్రాల టోపీలు ఉన్నాయి, ఆ ఒక్క పని చెయ్యాలని ఒక్కడికీ తోచలేదు.

"పెట్టాలని తెలీదా!" అని అరిచాడు. 

గ్లాసులో నీళ్ళు మారకుండా మొన్నటివే ఉన్నాయి. అడుగున మినోదా కట్టుడు పళ్ళు, పై వరసా కింది వరసా, కొంచెం తెరుచుకుని ఉన్నాయి.