అబ్బా వదిన కడుపులో వెలుగు

స్కానింగ్ సెంటర్లో ఆమెను అందరూ కళ్ళమ్మ అనేవారు. ఆమె పని కడుపులు చూడడం. పొద్దున్నే పరగడుపున వచ్చినవాళ్ళు చిక్కుడు గింజంత క్యాప్సూల్ కెమెరాను గుక్కెడు నీళ్ళతో మింగి, నడుముకు బెల్టు కట్టుకుని తమ పనుల మీద పోయేవారు. అది లోపల మిణుకు మిణుకుమంటూ, పేగుల వెంట జారుకుంటూ, తీసిన ఫోటోలన్నీ బెల్టుకు పంపేది. మర్నాడు కళ్ళమ్మ కర్టెన్లు దించి, టీ పక్కన పెట్టుకుని, ఆ వేల ఫోటోలను సినిమాలా తిప్పి చూసేది. తేడాగా ఉన్నచోట గుర్తు పెట్టేది. డాక్టరుగారు ఆ గుర్తులున్నవి మాత్రం చూసి సంతకం చేసేవారు. ఆమె కన్ను కప్పి ఏదీ పోలేదని ఆయనకు గట్టి నమ్మకం.

ఒకసారి ఆమె భర్త అక్కగారు కూడా క్యాప్సూల్ మింగింది. ఆవిడ ఇంట్లో కూర్చుని చొక్కాలకు బొత్తాలు కుట్టేది. మెట్టెక్కితే అబ్బా, బకెట్ ఎత్తితే అబ్బా. అలా చుట్టాలందరికీ ఆవిడ అబ్బా వదిన అయిపోయింది. పరీక్ష చేసినప్పుడల్లా రక్తం తక్కువని వస్తోంది. అది ఎటు పోతోందో, నోట్లోంచి గొట్టం వేసి చూసినా కిందనుంచి వేసి చూసినా తెలియలేదు.

"పని తప్పించుకోవడానికి రక్తం కూడా ఎక్కడో దాచేస్తోంది మా అక్క" అనేవాడు కళ్ళమ్మ భర్త. కళ్ళమ్మ పడీపడీ నవ్వేది.

వదిన ఫోటోలు తిప్పుతుండగానే అతని ఫోన్ వచ్చింది. "ఏం కనిపించింది? లోపల కూడా అబ్బా అని రాసుందా?"

ఆమెకు నవ్వాగలేదు. ఈవిడకేముంటుందిలే అని ఫోటోల వేగం పెంచేసి, మొహం పక్కకు తిప్పుకుని కబుర్లలో పడింది. ఫోన్ పెట్టేసరికి బొమ్మ పెద్దపేగులోకి వచ్చేసింది. వెనక్కి తిప్పి చూడాలనిపించింది. చూడలేదు. 'ఏమీ లేదు' అని రాసి పంపేసింది.

అందరికీ ఒకటి రెండు రోజుల్లో బయటికి వచ్చేసే క్యాప్సూల్ వదినకు రాలేదు. సరికదా, వచ్చిన దారినే వెనక్కి నడిచి, బొడ్డుకు ఎడమ పక్కన ఒకచోట కుదురుగా కూర్చుంది. అక్కడ అరచేతి మేర చర్మం పాలరంగులో వెలుగుతూ బట్టల్లోంచి కనిపించేది. "కొన్ని అంతే, వాటికి తోచినప్పుడు వస్తాయి" అన్నారు డాక్టరుగారు. నొప్పి లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. పక్కవాటా ఆవిడ వేలిలో పుల్ల దిగితే ఆ వెలుగులో తీయించుకోవడానికి వచ్చేది. కరెంటు పోతే మెట్ల మీద అందరూ వదినను ముందు పెట్టుకుని దిగేవారు. అదెందుకు వెనక్కి నడిచిందో కళ్ళమ్మ ఒక్కదానికే తెలుసు. తెలిసీ, తెలియనట్టు తిరిగింది. వదిన ఇంటివైపు వెళ్ళడం మానేసింది.

చివరికి వదినే కబురు పెట్టి పిలిపించుకుంది.

"సూదిలో దారం ఎక్కక నానా అవస్థా పడేదాన్నే. ఇప్పుడు చూడు!" అంటూ సూదిని పొట్ట దగ్గర పెట్టుకుని ఒక్క దెబ్బకు ఎక్కించింది. "అంతా నీ చలవే."

కళ్ళమ్మకు ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. "నేనేం చేశాను వదినా..."

"ఏం చేశావా? ఒంట్లో ఏమీ లేదని తేల్చావు. ఇక మాత్రలెందుకని మానేశాను. అబ్బా అనడం కూడా మానేశాను. రోగం లేకుండా మూలిగితే నలుగురూ నవ్వరూ?"

టీ పెడతానని లేచిన వదిన రెండడుగులకే గోడ పట్టుకుంది. గోళ్ళు కాగితంలా తెల్లగా ఉన్నాయి. నోటిదాకా వచ్చిన మూలుగును పళ్ళ బిగువున మింగి, "ఏం లేదు, ఏం లేదు" అంది నవ్వుతూ. ఆ నవ్వు కళ్ళమ్మ గుండెల్లో గుచ్చుకుంది.

మర్నాడు సెంటర్ తలుపు తీస్తూనే ఆమె వదిన ఫోటోలను మొదటినుంచీ వేసుకుంది. ఫోన్ కట్టేసింది. చిన్నపేగు నడుమ, తాను మొహం తిప్పుకున్న చోట, రేగుపండంత బుడిపె. దాని అంచునుంచి రక్తం సన్నగా, దారంలా జారుతోంది. దాన్ని చూడడానికి కళ్ళమ్మ పేరున్న మనిషి అక్కర్లేదు. మొహం అటు ఉంటే చాలు.

డాక్టరుగారికి దాచకుండా చెప్పేసింది. ఆయన ఆ పాత రిపోర్టు బయటికి తీశారు. ఫోటోలు చూడకుండా సంతకం పెట్టిన చెయ్యి తనదే కదా. "వెంటనే తీసుకురండి" అన్నారు.

వదిన బొత్తాలు కుడుతోంది. కళ్ళమ్మ ఎదురుగా నేల మీద కూలబడి, ఫోన్లో ఎవరు ఏమన్నారో, తానెందుకు నవ్విందో, అన్నీ చెప్పింది. క్షమించమని అడగడానికి మాత్రం నోరు రాలేదు.

వదిన దారం తెంపి సూదిని డబ్బాలో గుచ్చింది.

"మీరంతా అంటుంటే నాకూ నటనేమో అనిపించేదే" అంది. "పొద్దున్నే లేవలేకపోతే నన్ను నేనే తిట్టుకునేదాన్ని."

కళ్ళమ్మ ఏడుపు ఆపుకోలేకపోయింది.

"ఊరుకో. కడుపులో పెట్టుకుంటాలే. ఇప్పటికే ఒకటి పెట్టుకుని తిరుగుతున్నాగా" అంటూ నవ్వబోయింది వదిన. కానీ లేవడానికి కళ్ళమ్మ భుజం పట్టుకోవాల్సి వచ్చింది.

ఆపరేషన్ గదిలో పేగులు గాలించాల్సిన పని పడలేదు. సర్జన్ దీపాలు ఆర్పించి, వెలుగున్నచోటే కోశాడు. బుడిపె బయటికి వచ్చింది. దాంతోపాటే క్యాప్సూల్ దొర్లుకుంటూ వచ్చి, ట్రేలో పడి ఆరిపోయింది. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే చేయి దాటిపోయేదని సర్జన్ చెప్పాడు.

స్పృహ వచ్చేసరికి వదిన మంచం చుట్టూ చుట్టాలు. కళ్ళమ్మ భర్త అక్క పాదాల దగ్గర నిలబడి, కళ్ళు తుడుచుకుంటూ, "మా ఆవిడ చూడబట్టి బతికావక్కా! ఆమె కన్ను కప్పి ఏదైనా పోతుందా!" అన్నాడు.

కళ్ళమ్మకు భూమి చీలితే బాగుండుననిపించింది. నిజం చెప్పేయబోయింది. వదిన చెయ్యి చాపి ఆమె మణికట్టు పట్టుకుంది. చెయ్యి ఇంకా చల్లగానే ఉంది, పట్టు మాత్రం గట్టిగా ఉంది.

"అవున్రా, మరదలే చూసింది" అంది తమ్ముడితో, కళ్ళమ్మ మొహంలోకే చూస్తూ. "రెండుసార్లు చూసింది."