లోపలికి నడిచే ఏనుగులు

సంతోషికి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: తన బిడ్డ ఏడుస్తున్నప్పుడు ఆ ఏడుపు ఎవరికీ వినపడకపోవడం.

ఆమె దయ్యాలకు భయపడదు. అత్తకు భయపడదు. మీర్‌పేట్‌లో ఇంటి ఓనరు ముఖం మాడ్చుకుని ఎదురొచ్చినా భయపడదు. కానీ ఎల్బీనగర్ దాటాక సాగర్ రోడ్డు పక్కన ఆమె భర్త మహేష్‌కు ఒక సోఫాల షెడ్డు ఉంది. అందులో గాలి కంప్రెసరు మొదలైందంటే పక్కన నిలబడ్డ మనిషి అరిచినా వినపడదు. మహేష్ గన్నుతో పిన్నులు కొడుతుంటాడు, సంతోషి మిషను మీద కవర్లు కుడుతుంటుంది, రెండేళ్ల చింటి ఫోము ముక్కల మధ్య తిరుగుతుంటుంది. ఒకరోజు సంతోషి దారం తెగి తల తిప్పేసరికి పిల్ల నోరంతా తెరిచి, ముఖం కందగడ్డలా చేసుకుని ఏడుస్తోంది. అరికాల్లో పిన్ను. ఎంతసేపటి నుంచి ఏడుస్తోందో తెలియదు. కంప్రెసరు ఆపితే గానీ ఆ గొంతు తల్లి చెవిన పడలేదు. ఆ రోజు నుంచి సంతోషికి అన్నం సయించడం లేదు.

అందుకే సూర్యప్రభ మేడం కారు దిగి షెడ్డు ముందు నిలబడ్డప్పుడు ఆమె దేవతలా కనిపించింది. అదేం చూపో! ఇప్పుడు తలుచుకుంటే సంతోషికి తన కళ్ల మీద తనకే రోత.

ఆ మేడంకు దిల్‌సుఖ్‌నగర్‌లో, మెయిన్ రోడ్డు నుంచి గడ్డిఅన్నారం వైపు తిరిగే సందుల్లో ఒకదానిలో, పసిపిల్లల బడి ఉంది. ఉద్యోగాలకు పోయే తల్లులు పొద్దున పిల్లల్ని అప్పగించి సాయంత్రం తీసుకుపోతారు. బోర్డు మీద పేరు చివర 'ఇంటర్నేషనల్' అని ఉంటుంది. ఎదురుగా మిర్చి బజ్జీల బండి, పక్కన జిరాక్సు షాపు, పైన ఆడపిల్లల హాస్టలు. ఏ దేశాల పిల్లలు వస్తున్నారని ఆ మాట రాయించిందో ఆమెకే తెలియాలి.

మేడంకు కావాల్సింది ఐదు కుర్చీలు. చేతులు లేనివి, ఒకదానికొకటి ఆనించి వరుసగా వేసేవి. ముందు గదిలో తల్లిదండ్రులు కూర్చోవడానికి. బట్ట తనే తెచ్చింది. లేత నీలం మీద బూడిద రంగు ఏనుగులు. వెనకది తన తొండంతో ముందుదాని తోక పట్టుకుని బారుగా నడిచే ఏనుగులు.

"చూడమ్మా, ఈ కుర్చీ మీది ఏనుగు తొండం పక్క కుర్చీ మీది ఏనుగు తోకని పట్టుకోవాలి. వరుస ఎక్కడా తెగకూడదు. తెగిందంటే నాకొద్దు. పేరెంట్స్ ముందు చూసేది కుర్చీలనే," అంది మేడం.

"పిల్లలను కాదా మేడం?" అని అడిగింది సంతోషి. వెటకారంగా కాదు, తెలియకే అడిగింది.

"పిల్లలదేముంది, ఎక్కడైనా పిల్లలు పిల్లలేగా."

ఆ మాట అప్పుడే పట్టుకోవాల్సింది. కానీ మేడం ఫోను తీసి ఫొటోలు చూపించింది. బుగ్గల నిండా నవ్వులున్న పిల్లలు, బెలూన్లు, రంగురంగుల అక్షరాలు అంటించిన గోడలు. ఆ అక్షరాలు చూసేసరికి సంతోషి ఫోను మీదికి వంగింది. నల్గొండ పల్లెలో తొమ్మిదో తరగతి మధ్యలో ఆమెను బడి మానిపించారు.

"కుట్టుకూలి బదులు మీ పాపని ఏడాది పాటు మా దగ్గర పెట్టండి. మా ఆయాలు పిల్లల్ని కింద దించరు. కుయ్ అంటే ఎత్తుకుంటారు," అంది మేడం.

కుయ్ అంటే ఎత్తుకుంటారట. సంతోషి ఆ బట్టను అక్కడికక్కడే చంకలో పెట్టుకుంది.

డిజైను కలపడం అంటే చూసేవాళ్లకు ఆట. కుట్టేవాళ్లకు తలనొప్పి. మామూలు కవరైతే అందిన చోట కత్తెర వేయొచ్చు. దీనికి అలా కుదరదు. ఐదు కుర్చీల మీదా ఏనుగుల పాదాలు ఒకే ఎత్తులో రావాలి. అలా రావాలంటే మధ్యలో బోలెడంత బట్ట వదిలేసి కోయాలి. పోనీ కోసింది సరిగ్గా వచ్చిందనుకుంటే, ఫోము మీద లాగి పిన్ను కొట్టేటప్పుడు బట్ట సాగి తొండం పక్కకు జారుతుంది. ఒక కుర్చీకి ఎంత బిగువు లాగితే అన్నిటికీ అంతే లాగాలి. సంతోషి సుద్దతో గీతలు గీయడం, మహేష్ లాగడం, తొండం తోకకు అందకపోతే పిన్నులన్నీ పీకి మళ్లీ కొట్టడం.

"ఏనుగుల పెండ్లి చేస్తున్నట్టున్నది," అన్నాడు మహేష్. "తోకలు, తొండాలు ముడేసుడే సరిపోయె. బువ్వ ఎప్పుడు పెడ్తవే?"

"నీ పిల్ల మంచిగుండాల్నంటే జర ఓపిక పట్టు."

కుర్చీలు తయారయ్యాయి. ట్రాలీ ఆటోలో వేసుకుని, చింటికి ఉతికిన గౌను తొడిగి, దిల్‌సుఖ్‌నగర్ వెళ్లారు. ఆ రోజు నుంచే పిల్లను ఉంచేయొచ్చని మేడం చెప్పింది. సంచిలో చింటికి రెండు జతల బట్టలు, పెరుగన్నం.

గదిలోకి అడుగుపెట్టగానే కుడిచేతి గోడకు కుర్చీలు వరుసగా వేశారు. ఒక్క తొండం తప్పలేదు. మహేష్ దూరం జరిగి చూసి మీసం దువ్వుకున్నాడు. మేడం వచ్చింది. వంగి, ప్రతి కుర్చీ సందులో బొటనవేలు పెట్టి చూసింది. నిలబడింది. ఉన్నట్టుండి చేత్తో నోరు మూసుకుంది.

"అయ్యయ్యో! ఇవన్నీ బయటికి పోతున్నాయేంటి?"

నిజమే. ఏనుగులన్నీ ఒకదాని వెంట ఒకటి వీధి తలుపు వైపు నడుస్తున్నాయి.

"ఏనుగంటే లక్ష్మి అమ్మా. లక్ష్మి రోడ్డు మీదకి పోతుంటే నాకు అడ్మిషన్లు ఎక్కడొస్తాయి? మా వాస్తు ఆయన చూశాడంటే ఇంకేమన్నా ఉందా!"

"బట్ట మీరే తెచ్చిండ్రు గదా మేడం. ఏనుగుల మొకాలు మేమెట్ల తిప్పుతం?" అన్నాడు మహేష్.

"తిరగేసి కుట్టండి."

"తిరగేస్తే కాళ్లు మీదికొస్తయి. ఇంటి కప్పు మీద నడుస్తయా మరి?"

మేడం నవ్వలేదు. నలుగురి పిల్లలను చేతుల్లో పెట్టుకున్న మనిషికి ఏనుగులు ఎటు పోతున్నాయన్న దిగులు తప్ప ఇంకొకటి లేదు. సంతోషి మాత్రం గదిని అటూ ఇటూ చూసింది. పిన్నులన్నీ మళ్లీ పీకాలంటే ప్రాణం మీదకొస్తుంది.

"మేడం, కుర్చీలు ఎడంచేతి గోడకు వేద్దాం. గప్పుడు ఇవే ఏనుగులు లోపలికి నడుస్తయి," అంది.

మేడం వేలితో గాల్లో గీసుకుని చూసుకుంది. ముఖం వెలిగిపోయింది. "భలే బుర్ర నీది! చదువుకుని ఉంటే ఎక్కడో ఉండేదానివి."

ఎడమ గోడకు మధ్యలో ఒక తలుపు ఉంది. దాని మీద నవ్వే పాపాయి బొమ్మ అంటించారు. కుర్చీలు వేస్తే తలుపు మూసుకుపోతుందని సంతోషి చెప్పింది.

"పర్లేదమ్మా. పిల్లలకి వెనక వంటింటి వైపు నుంచి దారుంది. ఇటు తెరిస్తే పేరెంట్స్‌కి వాసన కూడానూ," అని మేడం ఫోను మోగితే మాట్లాడుతూ బయటికి వెళ్లింది.

పిల్లలుండే గదిలోంచి వాసన ఎందుకొస్తుంది? సంతోషి చింటిని చంకనేసుకుని తలుపు దగ్గరికి వెళ్లింది. లోపల టీవీలో ఇంగ్లీషు పాట హోరెత్తిపోతోంది. ఆ హోరు అడుగున ఇంకో చప్పుడు. అదేమిటో తల్లికి ఒకరు చెప్పక్కర్లేదు. తలుపు నెట్టింది.

కిటికీ లేని గది. నేల మీద చాప. చాప నిండా పిల్లలు, కొందరు పడుకుని, కొందరు టీవీ వంక నోరు తెరుచుకుని. ఫొటోల్లోని బెలూన్లు మూలన గాలి పోయి వేలాడుతున్నాయి. టీవీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో పసుపు గౌను పిల్ల. చింటికంటే చిన్నది. నడుముకు చున్నీ చుట్టి కుర్చీ వెనక ముడేశారు. గౌను తడిసి ఉంది. ఏడ్చి ఏడ్చి ఇప్పుడు గొంతులోంచి జీర మాత్రమే వస్తోంది.

గదిలో ఉన్న పెద్ద మనిషి ఒకరే. బాలమ్మ అనే ముసలి ఆయా. ఒక పిల్లాడికి బట్టలు మారుస్తూ తలెత్తింది.

"ఏంది పెద్దమ్మా, గీ పిల్లను కట్టేసిండ్రు?"

"ఏం జెయ్యమంటవ్ బిడ్డా? వండుడు నేనే, కడుగుడు నేనే. గీ బ్లెస్సీ తల్లి కోసమని ఊకె తలుపు కాడికి ఉరుకుతది. మేడమే కట్టుమన్నది."

"తల్లి ఏడున్నది?"

"నర్సు. పొద్దుగాల ఇడ్సిపోతది, పొద్దూకినంక ఒస్తది. ఆమె ఒచ్చే యాల్లకు ముడి ఇప్పి, మొకం కడిగి, పౌడరేసి ఇస్తం."

పౌడరేసి ఇస్తారట! సంతోషి చింటిని దించి ముడి విప్పింది. నడుము చుట్టూ ఎర్రగా వాత తేలి ఉంది. ఆ పిల్ల ఆమె జాకెట్టు గుప్పిట్లో పట్టుకుని వదల్లేదు.

"ఎవరు తియ్యమన్నారు ఆ తలుపు?" వెనక నుంచి మేడం.

"పిల్లను కట్టేస్తరా మేడం?"

"కట్టెయ్యడమేంటి? సేఫ్టీ అది. కార్లో సీటు బెల్టు పెట్టుకోమా, అలాగే."

"అయితే మీరు కూసోండ్రి మేడం, నేను బెల్టు పెడ్త. పొద్దూకినంక ఇప్పుత. మొకానికి పౌడర్ గూడ నేనే ఏస్త."

మేడం మెడ మీద నరం లేచింది. అయినా గొంతు తియ్యగానే పెట్టింది. "చూడు సంతోషీ, మీ పాపని ఎవరూ కట్టరు. మీరు మనవాళ్లు. ఆ పిల్లని ముందు కింద దించు. ఎవరి పిల్లని ఎత్తుకున్నావో చూసుకున్నావా? పోలీసుల్ని పిలవమంటావా?"

మహేష్ గొంతు తగ్గించి, "మన చింటిని కట్టరంటున్నది గదా. మనకెందుకే లొల్లి? సీటు పోతది," అన్నాడు.

సంతోషి మొగుడి వంక చూసింది. పాచిపోయిన కూర గిన్నె మూత తీసినప్పుడు చూసే చూపు అది.

అప్పుడే వీధి తలుపులోంచి ఒక జంట వచ్చింది. ఆమె చంకలో నెలల పిల్ల. ఎక్కడో పెద్ద ఆఫీసులో పని అని మెడలోని కార్డులే చెబుతున్నాయి. సంతోషి బ్లెస్సీని ఎత్తుకునే ఎదురెళ్లింది.

"అక్కా, పిల్లను ఈడ ఏయకుండ్రి. లోపల పిల్లలను కట్టేస్తున్నరు. గిదో చూడండ్రి, నడుము."

ఆమె చూసింది. నిజంగానే చూసింది. చూసి మేడం వైపు తిరిగింది. మేడం నవ్వింది. "వర్కర్స్ అండీ. పని బాలేదన్నానని గొడవ చేస్తున్నారు. ఆ బేబీకి స్కిన్ అలర్జీ."

"ఓ, అలర్జీనా!" అని ఆ తల్లి ఊపిరి పీల్చుకుంది. పని తేలికైపోయింది పాపం. పక్కనే వరుసగా ఏనుగులు. "అబ్బ, ఎంత బావున్నాయండీ! ఎక్కడ చేయించారు?" అని ఫోను తీసింది. చదువు, ఉద్యోగం, మెడలో కార్డు, అన్నీ ఉన్నాయి. కళ్లే ఇంటి దగ్గర మరిచిపోయి వచ్చింది.

బాలమ్మ వచ్చి బ్లెస్సీ వేళ్లు ఒక్కొక్కటిగా విడదీసి లోపలికి తీసుకుపోయింది. తలుపు మూసుకుంది. మేడం కనుసైగ చేసింది. మహేష్ వంగి కుర్చీలు ఒక్కొక్కటే ఎడమ గోడకు జరిపాడు. మధ్య కుర్చీ తలుపుకు అడ్డంగా వచ్చింది. తొండం తోకకు వెంట్రుకవాసి అందకపోతే మోకాళ్ల మీద కూర్చుని మరీ సర్దాడు. ఏం పనితనం! ఏనుగులు బారులు తీరి లోపలికి నడిచాయి.

సంతోషి చింటిని, సంచిని తీసుకుని వీధిలోకి వచ్చేసింది.

"కూలీ పాయె, సీటూ పాయె. ఏం సాధించినవ్?" అన్నాడు మహేష్ షెడ్డు ముందు ట్రాలీ దిగుతూ.

"నీ ఏనుగులను అడుగు, చెప్తయి."

షెడ్డులో ఆమె ఇప్పుడు ఒక కాలు మిషను మీద, రెండో కాలు చింటికి తగిలేలా పెట్టుకుని కుడుతోంది. పిల్ల జరిగితే మిషను ఆపుతుంది. పని సగమే అవుతోందని మహేష్ సణుగుతాడు. సణగనీ.

ఒక సాయంత్రం చింటిని తీసుకుని ఆ సందుకు వెళ్లింది, పిల్లల్ని అప్పగించే వెనక తలుపు దగ్గర బ్లెస్సీ తల్లిని, ఆ నర్సును, పట్టుకుందామని. మేడం వంటింటి కిటికీలోంచి చూసి, పిల్లల్ని ఎత్తుకుపోయేది వచ్చిందని కేకలేసింది. బజ్జీల బండి దగ్గరి జనం వచ్చి మూగారు. ఆ జనానికి ఆడమనిషిని చుట్టుముట్టే ఓపిక ఉంది గానీ, నాలుగడుగులు వేసి ఆ తలుపు కొట్టే ఓపిక ఒక్కడికీ లేకపోయింది. ఇక ఆమె ఆ వీధిలో అడుగుపెట్టలేదు. పెట్టనివ్వరు.

మిమ్మల్ని పెట్టనిస్తారు. మీరు ఆ వైపు వెళ్లేవాళ్లయితే, బిడ్డను చేర్పించాలని చెప్పి లోపలికి వెళ్లండి. కూర్చోమంటారు. కూర్చోకండి. మధ్య కుర్చీ పక్కకు లాగి తలుపు తెరవండి. ఆ రోజు పసుపు గౌనులో ఉన్న బ్లెస్సీ ఇప్పుడు ఎలా ఉందో చూడండి. నిద్రపోతోందంటారు, అలర్జీ అంటారు, మానేసి వెళ్లిపోయిందంటారు. మీ కళ్లతో చూసే దాకా కదలకండి. చూశాక, పొద్దుగూకే వరకు ఆగి, వెనక తలుపు దగ్గరకొచ్చే నర్సుకు చూసింది చూసినట్టు చెప్పి రండి.