గోల్‌లో నిమ్మకాయ

“సిహర్ ఉందా నీ దగ్గర?” సెక్యూరిటీ అబ్దుల్ ఖుద్దూస్ వెంకటరాముడి కాలరు పట్టుకుని హిందీలో అడిగాడు.

సిహర్ అంటే అరబ్బీలో చేతబడి. స్టాండ్లలో మోగుతున్న డప్పులకి అది వెంకటరాముడి చెవిలో షుగర్‌గా దిగింది.

“ఉంది సాబ్. రెండేండ్లాయె.”

“ఎక్కణ్ణుంచి వచ్చింది?”

“మా నాయన నుంచి. మా వంశంలోనే ఉంది. పొద్దన్నే పరగడుపున సూది గుచ్చుకుంటా. సూదులు బ్యాగులోనే ఉండాయి.”

ఖుద్దూస్ కాలరు వదిలేసి, ముందు తన చెయ్యి తుడుచుకున్నాడు.

వెంకటరాముడిది రాయచోటి. ఈ అరబ్బు దేశపు స్టేడియంలో గడ్డి కోసే పని. ఇంకో గంటలో ఇక్కడ ఆసియా క్లబ్బుల ఫుట్‌బాల్ కప్పు ఫైనల్. ఈ స్టేడియం క్లబ్బు పుట్టాక ఇదే మొదటి ఫైనల్. అవతలి జట్టు గోలీ, అంటే గోల్‌కీపరు, ఒళ్లు వేడెక్కించుకుందామని వచ్చి, వలలో నలిగిన నిమ్మకాయ, చుట్టూ ఎర్రటి మరకలు చూసి చల్లబడిపోయాడు. చేతబడి చేశారు, మేం ఆడం అని జట్టంతా కూర్చుంది. పొద్దున ఆ వల దగ్గర కనబడింది వెంకటరాముడొక్కడే. గోలు పడకముందే గోల పడింది.

క్లబ్బు మేనేజరు మొహం ఆ మరకల కంటే ఎర్రగా ఉంది. “పోలీసులు వస్తున్నారు. ఇక్కడ ఉండనిచ్చే నీ ఇఖామా కార్డు ఖలాస్. ఈ వారమే నిన్ను విమానం ఎక్కిస్తారు.”

వెంకటరాముడికి వచ్చిన అరబ్బీ గడ్డికి, నీళ్లకి సరిపోతుంది, అంతే. హిందీ కూడా అంతంతే. అందుకని అవతలి జట్టు బస్సు డ్రైవరు సోమేశ్వరరావుని పిలిచారు. ఆయనది అమలాపురం. ఒకప్పుడు ఇద్దరూ ఈ ఊళ్లోనే, సబ్హాన్‌లో ఒకే గదిలో ఉండి, ఎండుచేపల వేపుడు దగ్గర విడిపోయారు. అప్పట్నుంచీ వాళ్ల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. వేసేవాడి పనే గడ్డి కాబట్టి మంటకు కరువు లేదు.

“మీరు చేతబడి చేశారంటున్నారండి వీళ్లు,” అన్నాడు సోమేశ్వరరావు, నిమ్మకు నీరెత్తినట్టు.

“చేతబడా? పొద్దన కొత్త గడ్డి మిషన్ వచ్చింది సోమన్నా. బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించినా. యాడా నీడ లేక, స్టాండు నీడ పడే ఆ వల కాడ చేసినా. ఆ మాట చెప్పు.”

“నా చేపలకి ముక్కు మూసుకున్నారు కదండీ తమరు. ఇప్పుడు నా నోరు కావాల్సొచ్చిందా?” అని, మేనేజరు వైపు తిరిగి అరబ్బీలో ఒక్క ముక్క చెప్పాడు: “నిమ్మకాయ తనదేనంటున్నాడు.”

“ఒప్పుకున్నాడు,” అని అవతలి జట్టువాళ్లు లేచారు.

వెంకటరాముడు అటూ ఇటూ చూశాడు. గేటు పక్కన అవతలి జట్టు బస్సు నిగనిగలాడుతోంది. ఫైనల్ కోసం తెప్పించిన కొత్త బస్సు. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా ఊడలేదు. కడపైనా కోనసీమైనా, కొత్త బండిని ఉత్తినే రోడ్డెక్కించే తెలుగు డ్రైవరు ఇంకా పుట్టలేదు.

“రాండి సాబ్,” అని ఖుద్దూస్‌ని లాక్కుపోయి టైర్ల దగ్గర వంగాడు. మిగతావాళ్లూ వెనకాలే వచ్చారు. వెనక జంట టైర్ల మధ్య నిమ్మతొక్క ఇరుక్కుని ఉంది. బంపరు మీద మూడు కుంకుమ బొట్లు.

“వాళ్ల గోలీ దీంట్లోనే వచ్చినాడు కదా సాబ్. నాది చేతబడైతే ఇదేంది?”

అవతలి జట్టు మొత్తం సోమేశ్వరరావు వైపు తిరిగింది. మేనేజరు చెయ్యి చాపాడు. “నీ ఇఖామా కూడా ఇలా ఇవ్వు.”

అంతసేపూ ఒక్క ముక్కతో సరిపెట్టిన సోమేశ్వరరావుకి అరబ్బీ ధారగా వచ్చేసింది. కొత్త బండికి దిష్టి తగలకుండా నిమ్మకాయ తొక్కిస్తామని, బస్సయినా గడ్డి మిషనయినా ఒకటేనని, ఎరుపు నెత్తురు కాదు, కుంకుమని, అది మిషను కోసమే తప్ప గోలీ కోసం కాదని వరసగా చెప్పేశాడు.

“మరి సూదులు?” ఖుద్దూస్ వదల్లేదు.

వెంకటరాముడు బ్యాగులోంచి ఇన్సులిన్ తీసి చూపించాడు. “నువ్వడిగింది షుగరనుకున్యా సాబ్. అదీ చెప్పు సోమన్నా, గట్టిగా, అందరికీ వినబడేట్టు.”

“ఆయనకున్నది సిహర్ కాదు, సుక్కర్,” అన్నాడు సోమేశ్వరరావు అరబ్బీలో, చేదు మింగినవాడిలా.