చేతులు మారిన బండి

చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ఆమె ఒక కన్ను లాప్‌టాప్ మీద వేసి ఉంచింది. "నీదేముంది, కూర్చుని మీటలు నొక్కే ఉద్యోగం. కంప్యూటర్ని అడిగితే లెక్క అదే వచ్చి పడుతుంది" అన్నాడు భర్త, ఖాళీ కప్పు చాపుతూ. ఆమె లేచి అందుకుంది.

అడిగితే వస్తుంది, నిజమే. ఏమడగాలో తెలియాలిగా. కంపెనీ అమ్మిన బండి తుక్కుకి పోయేదాకా దాని మీద ఎంత విలువైన స్పేర్ పార్టులు అమ్ముడుపోతాయో తేల్చమన్నాడు మేనేజరు. పాత బండ్ల పార్టులు తయారు చేయాలా, ఆపేయాలా అన్నది రేపు మీటింగులో ఆ లెక్క చూసే నిర్ణయిస్తారు. "లెక్క మీరు తీయండమ్మా, చెప్పడం నేను చూసుకుంటా" అన్నాడాయన. మూడేళ్లుగా ఇదే వరస. కంప్యూటర్ని అడిగే క్వెరీలు ఆమెవి, గొంతు ఆయనది. ఈసారి నేనే చెప్తానండీ అన్న మాట నోటిదాకా రావడం, దాన్ని మింగేయడం ఆమెకు అలవాటైపోయింది.

కానీ ఈ లెక్క వారంరోజులుగా ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. ఆయన చెప్పినట్టు యజమాని పేరు మీద బిల్లులు కలిపితే, ప్రతి బండి లెక్కా నాలుగైదేళ్లకే ఆగిపోతోంది. అన్ని బండ్లూ ఏమైపోయినట్టు? నిన్న మధ్యాహ్నం తట్టింది. బండి చేతులు మారగానే కొత్త పేరుతో లెక్క సున్నా నుంచి మొదలవుతోంది. వదిలించుకున్నవాడి దగ్గరే దాని చరిత్ర ముగిసిపోతోంది. పేరు వదిలేసి, మారని ఛాసిస్ నంబరుతో మళ్లీ అడిగింది. మొత్తం మూడింతలైంది.

ఇదంతా ఎదురుగా కూర్చుని కాయలు విరుస్తున్న అత్తగారికి చెప్పింది, వినేవాళ్లు మరెవరూ లేక.

"అంటే ఇల్లు మారగానే అంతకుముందు బతుకంతా లేనట్టే అయిందన్నమాట."

"అవునత్తయ్యా."

"బండికి కూడానా" అని నవ్విందావిడ. "మా బళ్లో లెక్కల్లో నేనే ఫస్టు. పదహారో ఏట ఈ ఇంటికొచ్చా. ఒక్కరూ అడగలేదమ్మాయ్. అడుగుతారు కదా, అప్పుడు చెబుదామని నేనూ ఊరుకున్నా."

భర్త ఫోన్లోంచి తలెత్తి తల్లి వంక చూశాడు. ఆ సంగతి అతనికీ తెలియదు.

ఆమె చేతులు తుడుచుకుని మేనేజరుకు రాసింది, రేపు మీటింగులో తనే మాట్లాడతానని. జవాబు వెంటనే వచ్చింది. "మీకెందుకమ్మా శ్రమ, నేనున్నాగా."

ఆమె రెండుసార్లు చదువుకుంది. తర్వాత నిదానంగా టైపు చేసింది.

"శ్రమ అయిపోయింది సార్. ఇక మాట్లాడటమే."