రొయ్యల ల్యాబులో నా కొలువు

నేను ఒక మైక్రోస్కోపుని. అంబాలాలో పుట్టాను. నన్ను బిగించిన మనిషి ఉల్లిపొర పెట్టి చూసి, సరేనని తలూపి, అట్టపెట్టెలో పెట్టాడు. మొదటి కొలువు ఏలూరులో ఒక డిగ్రీ కాలేజీ. పదకొండేళ్ళు చేశాను. విద్యార్థులు నాలోంచి ఒకసారి చూసి, పుస్తకంలో ఉన్న బొమ్మని రికార్డులోకి ఎక్కించేవారు. మార్కులు బొమ్మకే గనక నేనూ ఏమీ అనుకోలేదు.

కాలేజీ కొత్తవి కొన్నాక నన్ను కైకలూరులో ఒక రొయ్యల ల్యాబుకి ఇచ్చేశారు. అక్కడ టెక్నీషియన్ సన్యాసిరావు. రైతులు తెచ్చిన రొయ్యల్ని పక్క గదిలో కోసి, కాలేయం ముక్కకి రంగు వేసి, గాజుపలక మీద నా కింద పెట్టేవాడు. అందులో ఒక పరాన్నజీవి ఉందా లేదా అన్నదే ప్రశ్న. అది పట్టిన చెరువులో రొయ్య ఎదగదు. మందు లేదు. రైతు చేయగలిగింది ఒక్కటే, ఎదిగినంత చాలనుకుని వల వేయించడం.

రోజుకి నలభై పలకలు చూసేసరికి సన్యాసిరావుకి కళ్ళు మండేవి. అప్పుడు హైమవతి వచ్చింది. జీవశాస్త్రం చదివి, కంప్యూటరుకి చూడటం నేర్పే పనిలో ఉన్న అమ్మాయి. నా నెత్తిన కెమెరా బిగించింది. ఆగస్టు నుంచి నవంబరు దాకా రెండు వేల ఫోటోలు తీసి, ఏది జబ్బుదో ఏది మంచిదో సన్యాసిరావు చేత చెప్పించి, కంప్యూటరుకి ఇచ్చింది. తేడా ఏమిటో మాత్రం చెప్పలేదు. అదే తెలుసుకుంటుందట. కొన్ని ఫోటోలు విడిగా దాచి పరీక్ష పెడితే నూటికి తొంభై ఎనిమిది సరిగ్గా చెప్పింది. హైమవతి లడ్డూలు పంచింది. నా పేరున ఎవరూ ఎప్పుడూ లడ్డూ పంచలేదు.

డిసెంబరులో దానికి తగిలిన మొదటి రైతు నాంచారయ్య. మూడెకరాల కౌలు చెరువు ఆయనది. రొయ్యలు కిలోకి వంద తూగుతున్నాయి. ఇంకో నలభై రోజులుంటే రెట్టింపు బరువెక్కి యాభైకి వస్తాయి. కంప్యూటరు జబ్బుందని చెప్పింది. నాంచారయ్య వలవాళ్ళకి ఫోన్ చేసి పొద్దున్నే రమ్మన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు గానీ కదల్లేదు. తన రొయ్యలు వారానికి రెండేసి గ్రాములు పెరుగుతున్నాయనీ, జబ్బుంటే పెరగవని చెప్పింది ఈ ల్యాబువాళ్ళేననీ గుర్తు చేశాడు. హైమవతి తొంభై ఎనిమిది సంగతి చెప్పింది.

“ఆ లెక్క బానే ఉందండి మేడమ్. నా రొయ్యలో దేన్ని చూసి అలా అందో దాన్నే అడగండి,” అన్నాడు.

అలా అడగొచ్చు. కంప్యూటరు తను చూసిన చోట ఎర్రరంగు వేసి చూపిస్తుంది. రంగు ఫోటోలో ఎడమచేతి వైపు కింది మూల పడింది. అక్కడ కాలేయమే లేదు, ఒక మచ్చ ఉంది. హైమవతి జబ్బువని రాసిపెట్టుకున్న పాత ఫోటోలు పది తీసింది. అన్నిటిలో, అదే మూల, అదే మచ్చ. మంచి వాటిలో లేదు. లేచి వచ్చి నాలో కన్ను పెట్టి చూసింది. మచ్చ లేదు. అంటే నా తప్పు కాదు. కెమెరా విప్పింది. దాని అద్దానికి ఒక కుంకుమ రేణువు అంటుకుని ఉంది.

సన్యాసిరావు దాచలేదు. “దసరాకి అన్ని యంత్రాలకీ బొట్టు పెట్టాను మేడమ్. మీ కెమెరాని ఒక్కదాన్నే వదిలేస్తే ఏం బాగుంటుందని, విప్పి తుడిచి, దానికీ పెట్టాను.” అదే చేత్తో మళ్ళీ బిగించాడు.

ఆ ఏడు జబ్బు దసరా తర్వాత మొదలైంది. మంచివి అప్పటికే సరిపడా ఉన్నాయని హైమవతి ఆ తర్వాత జబ్బువే తీసింది. మంచి ఫోటోలన్నీ ముందువి, జబ్బువన్నీ తర్వాతవి. రెండు వేల ఫోటోలు చూసి కంప్యూటరు నేర్చుకున్నది ఒక్కటే, దసరా అయిందా లేదా అని.

నాంచారయ్య నవ్వలేదు. వలవాళ్ళు పొద్దున్న వస్తారు. సన్యాసిరావు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. గంటసేపు పలకని అటూ ఇటూ జరిపి చూశాడు. “నా కళ్ళకైతే లేదండి,” అన్నాడు. హైమవతి ఇంకో ముక్కని జన్యు పరీక్షకి పంపుతానంది. ఫలితానికి రెండు రోజులు పడుతుంది. నాంచారయ్య సన్యాసిరావు కళ్ళ వైపు చూశాడు, అవి ఎర్రగా ఉన్నాయి. వలవాళ్ళకి ఫోన్ చేసి వద్దన్నాడు.

రెండు రోజుల తర్వాత జన్యు పరీక్ష కూడా లేదనే చెప్పింది. హైమవతి ఫోటోలన్నీ మళ్ళీ మొదటి నుంచి తీసింది. ఈసారి కంప్యూటరుకి తొంభై ఒకటి వచ్చాయి. లడ్డూలు లేవు. ప్రతి ఫలితం కిందా అది దేన్ని చూసి చెప్పిందో ఆ బొమ్మ కూడా అచ్చు వేసి రైతు చేతికిస్తోంది.

జనవరి చివర చెరువులో రొయ్యల పట్టుబడి అయిన రోజు నాంచారయ్య ఒక బేసిన్ నిండా రొయ్యలు తెచ్చి నా పక్కన బల్ల మీద పెట్టాడు. కిలోకి నలభై ఎనిమిది తూగాయట. నేను ఈ ల్యాబులో కొన్ని వేల రొయ్యల్ని చూశాను, ఒక్కొక్కదాన్నీ ఆవగింజంత ముక్కగా. పూర్తి రొయ్యని చూడటం అదే మొదలు. వాటికి మీసాలుంటాయని నాకు అప్పటిదాకా తెలియదు.