ఆగని లైను

క్లబ్బు గదిలో క్యారమ్ బోర్డు మీద లలిత్ కుడిచెయ్యి పరిచి ఉంది. ఇద్దరు దాన్ని అదిమి పట్టుకున్నారు. ఎదురుగా క్లబ్బు పెద్ద హారూదా సుత్తితో కూర్చున్నాడు. గోడ మీది టీవీలో డెర్బీ ఫుట్‌బాల్ మ్యాచ్ నడుస్తోంది. ఆ బొమ్మ ఆగేదాకా ఈ చెయ్యి వదలనని హారూదా ఒట్టేసుకున్నాడు.

బెంగాల్లోని బడ్జ్ బడ్జ్ జూట్ మిల్లు క్వార్టర్లలో సగం ఇళ్లకు ఇంటర్నెట్ లైను లాగింది లలితూ, అతని అన్న గోవిందరాజూ. ఈ క్లబ్బుకైతే హారూదా మనుషులు వాళ్లను బెదిరించి ఊరికే పెట్టించుకున్నారు. ఈ ఏడు హారూదా కూడా అదే వ్యాపారంలోకి దిగాడు. ఒక్కడంటే ఒక్కడు అతని గడప తొక్కలేదు. ఎందుకు తొక్కుతారు? అన్నదమ్ముల లైను ఆగితే కదా! అందుకే డెర్బీ రోజు చూసుకున్నాడు. మ్యాచ్ మధ్యలో బొమ్మ పోతే పాడా, అంటే పేటంతా, భగ్గుమంటుంది, మర్నాడు జనం తన దగ్గరికే పరిగెత్తుకొస్తారు. మనుషుల్ని పంపి కేబుల్ కోయించాడు. అయినా బొమ్మ పోలేదు. తెగిన చోట అతుకు వెయ్యడానికి వచ్చిన లలిత్‌ని చావబాది ఇక్కడికి ఈడ్చుకొచ్చారు. కబురంపితే అన్న పరిగెత్తుకొచ్చాడు.

బొమ్మ పోకపోవడంలో మాయేమీ లేదు. గోవిందరాజు ఇంట్లో ఒక పెద్ద డబ్బా ఉంది. దాన్నుంచి బయల్దేరిన కేబుల్ నడుముకు చుట్టిన వడ్డాణంలా పాడా అంతా తిరిగి మళ్లీ ఇంటికే చేరుతుంది. ఒక చోట తెగితే డబ్బా కనిపెట్టేసి, డేటాను రెండో వైపు నుంచి తిప్పి పంపుతుంది.

"రెండో వైపు ఎక్కడ కొయ్యాలి?" హారూదా బెంగాలీలో అడిగాడు.

"సెప్పకన్నా!" అని అరిచాడు లలిత్. వెనకనున్నవాడు జుట్టు పట్టి వాడి మొహాన్ని బోర్డుకేసి కొట్టాడు. తెల్ల పౌడరు మీద నెత్తురు, అందులో ఒక పన్ను.

గోవిందరాజు గుండె చెరువైపోయింది. లైను పోతే పోనీ, వెధవ లైను! "రైలు గేటు కింద ఇనప గొట్టం ఉంది దాదా. దాన్లోంచే పోతుంది. నీ కాళ్లు మొక్కుతాను, వాణ్ణి వదిలెయ్."

మోటార్ సైకిల్ మీద ఇద్దరు వెళ్లారు. టీవీలో ఎవడో కార్నర్ కిక్ కొట్టబోతున్నాడు. కాలు ఎత్తినవాడు ఎత్తినట్టే బిగుసుకుపోయాడు. తెర మీద చక్రం తిరగసాగింది.

గోవిందరాజుకు ప్రాణం లేచొచ్చింది. "చూశావా దాదా? అయిపోయింది!"

చక్రం మాయమైంది. బంతి గాల్లోకి లేచింది. స్టేడియం హోరెత్తింది.

హారూదా ఇంకేమీ అడగలేదు. సుత్తి ఎత్తి లలిత్ వేళ్ల మీద దింపాడు. ఎముకలు పటపటమన్నాయి. వాడి కేకకు చూరులో పావురాలు లేచిపోయాయి. రెండో దెబ్బ మణికట్టు మీద పడింది.

గోవిందరాజుకు ఒళ్లు తెలియలేదు. ఇనప కుర్చీ ఎత్తి తమ్ముణ్ణి పట్టుకున్నవాడి నెత్తిన బాదాడు. వాడు నుదురు చీలి కూలబడ్డాడు. మిగతావాళ్లు గోవిందరాజును కింద పడేసి డొక్కలో కుమ్మేశారు.

"నాను దొంగమాట సెప్పనేదురా లలితూ! ఇదేటిరా ఇది?"

"నానేనన్నా..." లలిత్ నోట మాట నెత్తుటితో కలిసి వస్తోంది. "మనింటి డాబా మీంచి మిల్లు డాబాకి వైర్‌లెస్ గొడుగెట్టినాను. రెండు పక్కలా తెగినా నడవాలని. మేచ్ అయినాక నీకు సూపిద్దామనుకున్నాను."

హారూదాకు తెలుగు రాదు. గోవిందరాజు రొప్పుతూ ఆ ముక్కే బెంగాలీలో చెప్పాడు. హారూదా నవ్వాడు. "మొదట ఒక దారి, తర్వాత రెండు, ఇప్పుడు మూడు. నాలుగోది కూడా చెప్పు." లలిత్ ఎడమచెయ్యిని లాగి బోర్డు మీద పెట్టించాడు.

"నాలుగోది లేదు దాదా! మా అమ్మ మీదొట్టు!"

"నన్నెలా నమ్మమంటావు?"

సుత్తి లేచింది. ఎలా నమ్మించాలి? ఎన్ని దారులున్నా అన్నీ బయల్దేరేది ఆ డబ్బా నుంచే కదా... గోవిందరాజు ఒక్కసారిగా కొయ్యబారిపోయాడు. తర్వాత ఫోన్ తీసి భార్య దుర్గాదేవికి కలిపాడు.

"డబ్బా ప్లగ్గు పీకియ్యే!"

"ఏటి? మేచ్ అవుతుండగానా? జనం మీదడిపోతారు..."

"పీకియ్యే అంటుంటే!"

టీవీ నల్లబడింది. చక్రం తిరిగి తిరిగి అలాగే ఉండిపోయింది. ఇళ్లలోంచి జనం తిట్లు లేచాయి. హారూదా ఒట్టు తీరింది. సుత్తి కింద పడేసి, మనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు.

గోవిందరాజు చొక్కా విప్పి తమ్ముడి చేతికి చుట్టబోయాడు. లలిత్ ఆ చేతిని గుండెకు హత్తుకుని వెనక్కి జరిగాడు.

"ప్లగ్గు ఇంట్లోనే ఉంది గదన్నా. ముందే ఎందుకు పీకించనేదు?"

గోవిందరాజు ఆగింది లైను కోసం కాదు, ఒట్టు. పదేళ్లుగా అది ఎలా ఆగకుండా ఉంటుందా అని తప్ప, ఎలా ఆపాలా అని ఆ బుర్ర ఒక్కనాడూ ఆలోచించలేదు. అంతే, తట్టలేదు.

"నాకు తట్టనేదురా," అన్నాడు.

లలిత్ అన్న మొహంలోకి చూశాడు. నమ్మలేదు.