ఊపిరి ఉన్నంతసేపు

డెబ్బై ఒకటిలో మా రాక్ బ్యాండ్ మొదటి రికార్డు బాగా అమ్ముడుపోయింది. రెండోదీ అచ్చం అలాగే చెయ్యమని లండన్ కంపెనీవాళ్లు ఒకటే పోరు. మా గిటారిస్టు నెవిల్ వింటేగా! మమ్మల్నీ రికార్డింగు మిషన్‌నీ వ్యాన్‌లో కుక్కి, యార్క్‌షైర్‌లో వాళ్ల ఊరికి తీసుకొచ్చి పడేశాడు. అక్కడి బొగ్గుగని కార్మికుల బాకాల బ్యాండు సాధన చేసుకునే హాల్లో రికార్డింగట. నేను డ్రమ్మర్‌ని. ఈ పాటకి డ్రమ్సే అక్కర్లేదన్నాడు. ఒళ్లు మండిపోయింది నాకు.

అసలది పాటైతేగా! ఆ బ్యాండులోని ఇరవైమందీ తలా ఒక స్వరం పట్టుకుని, ఒక్క గుక్కలో ఊపిరి ఉన్నంతసేపు ఊదాలి. అయిపోయినవాళ్లు అయిపోయినట్టు ఆగాలి. ఆఖరివాడు ఆగితే పాట ముగిసినట్టు.

"స్వరాలు రాసిన కాగితమేదిరా?" అన్నాడు పెద్ద బాకా వాయించే హోరెస్.

"కాగితం లేదు. మీ ఊపిరే," అన్నాడు నెవిల్.

"ఓస్, ఇంతేనా! నా గురక రికార్డు చేసుకోరాదూ? మా ఆవిడ రోజూ వింటూనే ఉంది."

అందరూ గొల్లుమన్నారు. నెవిల్ తండ్రి విల్ఫ్ మాత్రం నవ్వలేదు. ఏళ్ల తరబడి ఆ బ్యాండుకి ముందుండే చిన్న బాకా, కార్నెట్, ఆయనదే. బొగ్గుదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, ఇప్పుడు మెట్లెక్కితేనే ఆయాసం. మామూలు పాటల్లో మధ్యమధ్య దొంగ ఊపిరి తీసుకుంటూ నెట్టుకొస్తున్నాడు. ఇందులో ఆ వీలు లేదు.

కార్నెట్ పెట్టెలో పెట్టేసి బయటికి నడిచాడు. నెవిల్, వెనకాలే నేను.

"నాన్నా, నువ్వు లేకపోతే ఎలా?"

"అందరికంటే ముందు నేనే ఆగిపోతానురా. అది దేశమంతా వినాలా? వీళ్లందరినీ నడిపించినవాణ్ని. నా పరువు తియ్యకు."

"ఎంతసేపుంటే అంతే ఊదు. చిన్నప్పుడు గోడ అవతల నువ్వు వాయిస్తుంటే వింటూ నిద్రపోయేవాణ్ని. ఆ చప్పుడు లేకపోతే ఈ రికార్డే నాకొద్దు."

విల్ఫ్ తన బూట్లకేసి చూసుకుంటూ నిలబడ్డాడు. "ముందు టీ పోయించరా," అన్నాడు చివరికి.

టీలయ్యాక నెవిల్ చెయ్యి దించాడు. ఇరవై బాకాలూ ఒక్కసారి మోగాయి. గోడలు, కుర్చీలు, నా ఎముకలు కూడా అదిరాయి. అబ్బ, ఏం నాదమది! నా కోపం ఎటుపోయిందో నాకే తెలీదు. విల్ఫ్ ముఖం కందిపోయింది, మెడ నరాలు ఉబ్బాయి. కార్నెట్ స్వరం వణికింది, సన్నబడింది, ఆగిపోయింది.

వెంటనే హాలు మొత్తం ఆగిపోయింది.

హోరెస్ బుగ్గలు ఇంకా పూరీల్లా పొంగే ఉన్నాయి.

"అదేంటి? మీకింకా ఊపిరుందిగా!" నెవిల్ అరిచాడు.

హోరెస్ ఆ గాలిని మెల్లగా ముక్కులోంచి వదిలాడు. "మీ నాన్న ఆగాక మేం వాయించడమేంట్రా? మా బ్యాండులో అలాంటి పద్ధతి లేదు."

ఇంకోసారి తీద్దామని నెవిల్ అనలేదు.

పాట మధ్యలో తెగిపోయిందేమిటని కంపెనీవాడు చిందులు తొక్కాడు. "తెగలేదండీ. అయిపోయింది," అన్నాడు నెవిల్. అంత గుండెధైర్యం నేనెవరిలోనూ చూడలేదు.

రికార్డు రాగానే విల్ఫ్‌కి ఇంట్లోనే వినిపించాం. ఆయన కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"ఆ హోరెస్‌గాడు ఇంకా బోలెడుసేపు ఊదగలడు, వెధవ," అన్నాడు. "మళ్లీ పెట్టరా."